సీమ బిడ్డ, ఆంధ్ర తిలకుడు: గాడిచర్ల హరిసర్వోత్తమరావు

మన బడి పూర్వ విద్యార్థుల సంఘానికి యాభై ఏళ్లు నిండిన సందర్భంగా ఈ సంచికకు ఏదైనా రాయమని మిత్రులు అడిగారు. చదువు చెప్పిన అయ్యవార్ల గురించి, మైదానంలో ఆడిన ఆటల గురించి రాయడానికి నాకంటే బాగా రాసేవాళ్లు మనలో చాలామంది ఉన్నారు. నేను ముప్పై ఏళ్లుగా కాలువలు, తూములు, గేట్ల మధ్య బతుకుతున్న ఇంజనీరును. అందుకని మన జిల్లాలో పుట్టి, మన నంద్యాలలో కూడా కొంతకాలం చదువుకుని, దేశానికంతటికీ పనికొచ్చిన ఒక పెద్దమనిషి జీవితాన్ని నాకు తెలిసినంతలో మీ ముందు పెడుతున్నాను. ఆయన పేరు గాడిచర్ల హరిసర్వోత్తమరావు. పేరు విన్నవాళ్లు చాలామందే ఉంటారు. ఆయన ఏం చేశారో చెప్పమంటే మాత్రం మనలో ఎక్కువమంది తడుముకుంటాం.

ఆయన 1883 సెప్టెంబరు 14న కర్నూలులో పుట్టారు. తల్లి భాగీరథీబాయి, తండ్రి వెంకటరావు. కలిగిన కుటుంబం కాదు. అప్పటికి 1876-78 నాటి పెద్ద కరువు పోయి ఐదేళ్లే అయింది. ఆ కరువు మన ప్రాంతంలో ఊళ్లకు ఊళ్లను ఖాళీ చేసింది. గింజ విలువ, నీళ్ల విలువ తెలిసిన ఇళ్ల మధ్య ఆయన పెరిగారు. కర్నూలు, గుత్తి, నంద్యాల బళ్లలో చదువుకుని, మద్రాసు వెళ్లి 1906 నాటికి ఎం.ఏ. పూర్తి చేశారు. ఆ రోజుల్లో సీమ నుంచి ఎం.ఏ. చదివినవాళ్లను వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు. ఆ పట్టాతో సర్కారు కొలువు చేతికందే దూరంలో ఉంది. ఇంట్లో అందరూ దానికోసమే ఎదురుచూస్తూ ఉండాలి.

ఉపాధ్యాయ శిక్షణ కోసం ఆయన రాజమండ్రి ట్రైనింగ్ కాలేజీలో చేరారు. బెంగాలు విభజన మీద దేశమంతా రగులుతున్న కాలం అది. 1907 ఏప్రిల్‌లో బిపిన్ చంద్రపాల్ రాజమండ్రి వచ్చి ఉపన్యాసాలిచ్చారు. విద్యార్థులు వందేమాతరం బ్యాడ్జీలు పెట్టుకుని తరగతులకు వెళ్లారు. ప్రిన్సిపాల్ మార్క్ హంటర్‌కు అది నచ్చలేదు. గొడవ ముదిరి హరిసర్వోత్తమరావుగారిని కాలేజీ నుంచి పంపించేశారు. సర్కారు ఉద్యోగానికి అర్హత కూడా లేకుండా చేశారు. అప్పటికి ఆయనకు ఇరవై నాలుగేళ్లు కూడా నిండలేదు. కాలేజీ నుంచి ఉద్యోగం వచ్చే వయసులో మన పిల్లవాడికి ఇలా జరిగితే మన ఇంట్లో పరిస్థితి ఎలా ఉంటుందో ఒక్కసారి అనుకోండి.

ఆయన ఊరికి తిరిగిరాలేదు. 1908లో బెజవాడ నుంచి బోడి నారాయణరావుగారితో కలిసి స్వరాజ్య అనే వారపత్రిక నడిపారు. ఆ ఏడాదే తమిళదేశంలో తిరునెల్వేలిలో కాల్పులు జరిగాయి. దాన్ని తీవ్రంగా ఖండిస్తూ స్వరాజ్యలో రాసిన రాతకు రాజద్రోహం కింద కేసు పెట్టారు. మూడేళ్ల శిక్ష పడింది. వేలూరు జైలుకు పంపారు. రాజకీయ ఖైదీ అన్న మర్యాద లేకుండా మామూలు నేరస్థుడి కింద చూశారు. తెలుగువారిలో ఒక రాత కోసం ఇంత శిక్ష అనుభవించిన తొలితరం మనిషి ఆయన. ఆంధ్ర తిలక్ అనే పేరు ఆయనకు ఊరికే రాలేదు.

ఇక్కడ మనం గమనించవలసిన సంగతి ఒకటుంది. ఆయన పుట్టింది కర్నూలు, పత్రిక నడిపింది బెజవాడ, కలం ఎత్తింది తమిళ ఊళ్లో తూటాలకు పడిపోయిన మనుషుల కోసం. చిదంబరం పిళ్లైగారు, తూత్తుకుడి కార్మికులు మనవాళ్లా, వాళ్లు మాట్లాడేది మన భాషా అన్న ప్రశ్న ఆయనకు రాలేదు. ప్రాంతం మీద ప్రేమ ఉన్నవాడికి దేశం మీద ప్రేమ తగ్గుతుందనేవాళ్లకు ఆయన జీవితంలో ఈ ఒక్క ఘట్టం చాలు.

జైలు నుంచి బయటికి వచ్చాక ఉద్యోగం లేదు. పోలీసుల నిఘా ఉంది. దగ్గరివాళ్లు కూడా పలకరించడానికి జంకారు. అలాంటి రోజుల్లో కొమర్రాజు లక్ష్మణరావుగారు చేయి అందించారు. లక్ష్మణరావుగారు నడిపిన విజ్ఞానచంద్రికా గ్రంథమండలి తెలుగులో చరిత్ర, శాస్త్రం, జీవితచరిత్రలు అచ్చువేసేది. ఆ మండలి తొలి పుస్తకం 1907లో వచ్చిన అబ్రహాం లింకన్ చరిత్ర. దాన్ని రాసింది హరిసర్వోత్తమరావుగారే. అమెరికా ఉత్తర, దక్షిణ రాష్ట్రాలుగా విడిపోకుండా నిలిపినవాడు, ఆ పోరులోనే బానిసలకు విముక్తి ఇచ్చినవాడు లింకన్. దేశం ఒక్కటిగా ఉండటం, అందులో అణగినవాళ్లకు న్యాయం జరగడం అన్నవి లింకన్ జీవితంలో విడదీయరాని రెండు పనులు. ఇరవైల వయసులో ఆ జీవితాన్ని తెలుగులో రాసిన మనిషి తర్వాత యాభై ఏళ్లూ ఆ రెండు పనులే చేశారు. తర్వాతి కాలంలో ఆంధ్రపత్రికలో పనిచేశారు, హోంరూల్ ఉద్యమంలో ఆంధ్ర శాఖ బాధ్యతలు చూశారు, 1920ల చివర మద్రాసు శాసనమండలిలో సభ్యులుగా ఉన్నారు.

ఇక అసలు విషయానికి వస్తాను. అప్పటి మద్రాసు ప్రెసిడెన్సీలో తమిళం, తెలుగు, మలయాళం, కన్నడం, ఒడియా మాట్లాడేవాళ్లంతా కలిసి ఉండేవారు. తెలుగువాళ్ల జనాభా తక్కువేమీ కాదు. అయినా రాజధాని, పెద్ద కాలేజీలు, పెద్ద కొలువులు మద్రాసు చుట్టూ ఉండటంతో తెలుగువాడు తన రాష్ట్రంలో తానే అల్పసంఖ్యాకుడిలా బతికాడు. ఉత్తరాదివాళ్లకు మద్రాసు నుంచి వచ్చిన ప్రతివాడూ మద్రాసీయే. 1913లో బాపట్లలో మొదటి ఆంధ్ర మహాసభ జరిగింది. మాకూ ఒక రాష్ట్రం కావాలన్న మాట అక్కడ బలం పుంజుకుంది.

ఈ కథలో మన సీమ స్థానం ఇంకా ఇరుకైనది. 1800లో నిజాం ఈ జిల్లాలను ఈస్టిండియా కంపెనీకి అప్పగించాడు. కాగితాల్లో సీడెడ్ డిస్ట్రిక్ట్స్ అని రాసుకున్నారు. తెలుగులో దత్తమండలాలు అన్నారు. అంటే ఒకరు ఇంకొకరికి ఇచ్చేసిన నేల. నూటపాతికేళ్లు మన తాతముత్తాతలు ఆ పేరుతోనే బతికారు. ఆంధ్రోద్యమం మొదలైనప్పుడు సీమ పెద్దలకు అనుమానాలు వచ్చాయి. కృష్ణా గోదావరుల ఆనకట్టల కింద రెండు పంటలు పండించే జిల్లాలు చదువులోనూ డబ్బులోనూ ముందున్నాయి. మద్రాసులో తమిళుల కింద ఉన్నట్టే రేపు కొత్త రాష్ట్రంలో సర్కారు జిల్లాల కింద ఉండాల్సి వస్తుందేమోనని భయం. అది ఉత్త భయం కూడా కాదు. 1926లో ఆంధ్ర విశ్వవిద్యాలయం ఏర్పడితే దాని కేంద్రం అనంతపురంలో ఉండాలని సీమవాళ్లు అడిగారు. చివరికి అది వాల్తేరులో స్థిరపడింది. సీమ కాలేజీలు మద్రాసు విశ్వవిద్యాలయంతోనే ఉండిపోయాయి.

అంటే దేశంలో తెలుగువాడు, తెలుగునాట సీమవాడు, ఇద్దరూ తమకు గుర్తింపు కావాలని అడుగుతున్నవాళ్లే. హరిసర్వోత్తమరావుగారు ఈ రెండు గొంతులనూ ఒకేసారి వినిపించారు. ఆంధ్రరాష్ట్రం కావాలన్నారు. అందులో సీమకు న్యాయం జరగాలనీ అన్నారు. సీమ వెనకబాటును చూపించి ఆంధ్రోద్యమాన్ని దెబ్బతీయలేదు. ఆంధ్రోద్యమం పేరు చెప్పి సీమ గోడును మూసిపెట్టనూ లేదు.

1928 నవంబరులో మన నంద్యాలలో ఆంధ్ర మహాసభ జరిగింది. సర్వేపల్లి రాధాకృష్ణన్‌గారు అధ్యక్షత వహించారు. దాంతోపాటు కడప కోటిరెడ్డిగారి అధ్యక్షతన దత్తమండలాల సభ కూడా జరిగింది. ఆ సభలోనే దత్తమండలాలన్న పేరు వద్దని, ఇకమీదట రాయలసీమ అని పిలుచుకోవాలని తీర్మానించారు. విజయనగర రాయల ఏలుబడిని గుర్తుచేసే పేరు అది. ఆ పేరు పెట్టిన ఘనతను కొందరు హరిసర్వోత్తమరావుగారికి ఇస్తారు. నంద్యాల సభలో దాన్ని ప్రతిపాదించింది చిలుకూరి నారాయణరావుగారని చరిత్ర రాసినవాళ్లు ఎక్కువమంది చెబుతారు. నారాయణరావుగారు సీమవాసి కాదు. శ్రీకాకుళం ప్రాంతం నుంచి వచ్చి అనంతపురం కాలేజీలో పాఠాలు చెప్పిన భాషాపండితుడు. మన ఉనికికి పేరు పెట్టినవాడు తెలుగునాడు ఆ చివర నుంచి వచ్చాడన్నది మనం మరచిపోకూడని సంగతి. సొంత పేరు కోరుకోవడమంటే పక్కవాడిని కాదనడం కాదని ఇంతకంటే బాగా ఎవరూ చెప్పలేరు.

పేరు మారినంత మాత్రాన నీళ్లు రావు కదా అని అప్పుడూ కొందరు అనే ఉంటారు. నా ఉద్యోగం నాకు నేర్పింది వేరు. మన కె.సి. కెనాల్‌నే తీసుకోండి. 1860లలో ఒక ప్రైవేటు కంపెనీ తవ్వడం మొదలుపెట్టిన కాలువ అది. 1882లో సర్కారు కొనేసింది. సుంకేసుల దగ్గర తుంగభద్రలో బయలుదేరి, నంద్యాల, ఆళ్లగడ్డ ప్రాంతాల గుండా కడప వైపు పోతుంది. ఏ కాలువకైనా ఎగువ రైతు, దిగువ రైతు ఉంటారు. ఎగువవాడు తన తూము ముందు నిండుగా పారే నీళ్లు చూసి కాలువ బాగానే ఉందనుకుంటాడు. కాలువ ఎలా ఉందో తెలియాలంటే చివరి ఆయకట్టుకు వెళ్లి చూడాలి. అక్కడి రైతుకు తన వంతు ఏ రోజు వస్తుందో కాగితం మీద ఉండాలి, ఆ రోజు నీళ్లు రావాలి. వస్తే అతను గట్టు తెగకుండా రాత్రంతా కాపలా కాస్తాడు. రాకపోతే ఒకరోజు గడ్డపార పట్టుకుని వస్తాడు. అప్పుడు అతన్ని కాలువకు ద్రోహి అనడం సులువు. వంతు ఎవరు తప్పారో అడగడం కష్టం. చివరి భూములవాళ్లకు ముందుగా కావలసింది లెక్కలో తమ పేరు ఉండటం. దత్తమండలాలు రాయలసీమ కావడం అలాంటిదే.

లెక్కలో పేరు ఎక్కాక వంతు రాసుకోవాలి. అది 1937 నవంబరు 16న జరిగింది. మద్రాసులో కాశీనాథుని నాగేశ్వరరావుగారి ఇల్లు శ్రీబాగ్. అక్కడ సర్కారు జిల్లాల నాయకులు, సీమ నాయకులు కూర్చుని ఒక ఒడంబడిక చేసుకున్నారు. విశ్వవిద్యాలయ కేంద్రాలు వాల్తేరులోనూ అనంతపురంలోనూ ఉండాలి. కృష్ణా, తుంగభద్ర, పెన్నా నీళ్లలో పదేళ్లపాటు, అవసరమైతే ఆపైన కూడా, సీమకు ముందు వంతు ఇవ్వాలి. రాజధాని, హైకోర్టుల్లో ఏది కావాలో ఎంచుకునే హక్కు సీమకు ఉండాలి. ఈ ఒడంబడికతోనే ఆంధ్రరాష్ట్రం కోసం రెండు ప్రాంతాలవాళ్లూ ఒకే మాట మీద నిలబడగలిగారు. అనుమానాన్ని తిట్టి పోగొట్టలేదు, కాగితం మీద మాట ఇచ్చి పోగొట్టారు.

తర్వాతి కథ మీకు తెలిసిందే. పొట్టి శ్రీరాములుగారు 58 రోజులు నిరాహారదీక్ష చేసి 1952 డిసెంబరు 15న ప్రాణం విడిచారు. 1953 అక్టోబరు 1న ఆంధ్రరాష్ట్రం వచ్చింది. శ్రీబాగ్ మాట ప్రకారం కర్నూలు రాజధాని అయింది. చాలినన్ని భవనాలు లేక కొన్ని కచేరీలు డేరాల్లో నడిచాయి. హరిసర్వోత్తమరావుగారు పుట్టిన ఊరు, ఆయనకు డెబ్బై ఏళ్లు నిండిన నెలలోపే, తెలుగువారి రాష్ట్రానికి ముఖ్యపట్టణమైంది. 1956 నవంబరు 1న ఆంధ్రప్రదేశ్ ఏర్పడి రాజధాని హైదరాబాదుకు వెళ్లిపోయింది. ఒడంబడికలో రాసుకున్న వాటిలో ఏవి జరిగాయి, ఏవి జరగలేదు అన్న వాదన ఈనాటికీ తెగలేదు. ఆ వాదన ఉండటం తప్పు కాదు. వంతు అడగడం కాలువను కాదనడం కాదు.

భాషల ప్రకారం రాష్ట్రాలిస్తే దేశం ముక్కలవుతుందని ఆనాడు ఢిల్లీలో చాలామంది పెద్దలు నిజంగానే భయపడ్డారు. అప్పుడే దేశం రెండుగా చీలి లక్షలమంది చచ్చిపోయారు, ఆ భయాన్ని తేలిగ్గా తీసేయలేం. అయితే శ్రీరాములుగారు చనిపోయిన 1952లోనే పక్క దేశంలో ఏం జరిగిందో చూడండి. ఫిబ్రవరి 21న ఢాకాలో తమ బెంగాలీకి గుర్తింపు కావాలన్న విద్యార్థుల మీద కాల్పులు జరిపారు. ఐక్యత కోసం ఒకే భాష ఉండాలని పాకిస్తాన్ పాలకులు పట్టుబట్టారు. తర్వాత కొంత దిగివచ్చినా మనసులు అప్పటికే విరిగిపోయాయి. 1971లో ఆ దేశం రెండైంది. మన దేశం ఆలస్యంగానైనా తెలుగువాడి మాట విన్నది. తెలుగువాడు తెలుగువాడిగా ఉంటూనే భారతీయుడిగా నిలబడ్డాడు. గుర్తింపు ఇచ్చినచోట దేశం నిలిచింది, నిరాకరించినచోట చీలింది. చరిత్రలో ఇంత స్పష్టమైన పాఠాలు అరుదు.

హరిసర్వోత్తమరావుగారి పేరు చెప్పగానే తెలుగువాళ్లు ఎక్కువగా తలచుకునేది గ్రంథాలయోద్యమాన్ని. 1914లో బెజవాడలో ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘం పుట్టింది. అయ్యంకి వెంకటరమణయ్యగారు దానికి ప్రాణం పోశారు. 1930ల నుంచి చాలాకాలం ఆ సంఘానికి అధ్యక్షులుగా ఉండి దాన్ని ఊరూరికీ నడిపించింది హరిసర్వోత్తమరావుగారు. పడవల మీద పుస్తకాలు పెట్టి కాలువ గట్టు ఊళ్లకు చేర్చిన కాలం అది. పగలు పొలంలో పనిచేసినవాళ్లకు రాత్రిపూట అక్షరాలు నేర్పించే వయోజన విద్య కోసం కూడా ఆయన ఊళ్లు తిరిగారు. తన హక్కేమిటో చదువుకోలేని మనిషికి రాష్ట్రం వచ్చినా దేశం వచ్చినా ఒకటేనని ఆయనకు తెలుసు. ఒకప్పుడు ఉపాధ్యాయుడు కాకుండా సర్కారు ఆపగలిగింది గానీ, చదువు చెప్పకుండా ఆయన్ను ఎవరూ ఆపలేకపోయారు. 1960 ఫిబ్రవరి 29న ఆయన కన్నుమూశారు. ఆ సంవత్సరమే ఆంధ్రప్రదేశ్ పౌర గ్రంథాలయాల చట్టం వచ్చింది.

ఈ జీవితం నుంచి మనం ఏం తీసుకోవాలి? మనలో చాలామంది ఈ బడి దాటి బయటి ఊళ్లకు చదువులకు, ఉద్యోగాలకు వెళ్లాం. నంద్యాల, ఆళ్లగడ్డ అని చెప్పగానే బాంబులేమన్నా తెచ్చావా అని నవ్విన హాస్టళ్లు, ఆఫీసులు మనకు తెలుసు. ఏమప్పా, యాడికి పోతాండావు అని మన యాసను వెక్కిరించినవాళ్లూ తెలుసు. సినిమాలు ఆ బొమ్మను ఇంకా పెద్దది చేశాయి. ఆళ్లగడ్డ అంటే రాతిని దేవుడిగా మలిచే శిల్పుల ఊరనీ, పక్కనే అహోబిలం ఉందనీ ఎంతమందికి తెలుసు? ఆ వెక్కిరింపు గుచ్చుకున్నవాళ్లమే కాబట్టి మనకు ఒక బాధ్యత కూడా ఉంది. అహోబిలం దాటితే నల్లమలలో చెంచులున్నారు. అడవే ఇల్లయినవాళ్లు. మన బడికి వచ్చిన చెంచు పిల్లలు ఎందరు? నంద్యాలలో తరతరాలుగా ఉర్దూ మాట్లాడే కుటుంబాలున్నాయి. మనతో ఒకే బెంచీ మీద కూర్చున్నవాళ్లు వాళ్లు. సర్కారు జిల్లాలవాళ్ల నుంచి మనం ఏ మర్యాద కోరామో ఆ మర్యాదే వీళ్లు మన నుంచి కోరతారు. మనం ఎగువ రైతులమైనచోట చివరి భూముల సంగతి చూడాలి. లేకపోతే సీమకు అన్యాయం జరిగిందని మనం అనే మాటకు బరువుండదు.

2022 ఏప్రిల్ 4 నుంచి నంద్యాల జిల్లా కేంద్రమైంది. సంతోషమే. ఆ సంతోషంలో స్వర్ణోత్సవ గుర్తుగా బడి ముందు ఒక స్వాగత తోరణం కట్టిద్దామని మన సంఘంలో ఆలోచన నడుస్తోంది. సివిల్ పనుల మనిషిగా నేను తోరణాలకు వ్యతిరేకిని కాను. అయినా ఆ డబ్బుతో బడిలో ఒక మంచి గ్రంథాలయ గది కట్టి, సాయంత్రం కూడా తెరిచి ఉంచితే బాగుంటుందని నా విన్నపం. తెలుగు పుస్తకాలతోపాటు ఉర్దూ పుస్తకాలకూ ఒక బీరువా ఉండాలి. అడవి గూడేల నుంచి వచ్చి హాస్టళ్లలో ఉండి చదువుకునే పిల్లలకు అక్కడ చోటుండాలి. ఆ గదికి గాడిచర్లవారి పేరు పెడదాం. కట్టడానికి నక్షా, అంచనా నేను ఉచితంగా వేసి ఇస్తాను. రాబోయే సర్వసభ్య సమావేశంలో మిత్రులందరూ ఈ ప్రతిపాదనను బలపరచాలని, మనకు అక్షరాలు నేర్పిన గురువులందరికీ నమస్కరిస్తూ కోరుతున్నాను.